పదో గడిలో ఏం రాయిద్దాం?



జనగణన వస్తోంది. 2021లో జరగాల్సిన లెక్క కరోనా వల్ల ఆగిపోయి, ఇన్నేళ్ళకు మళ్ళీ మొదలవుతోంది. 2025 జూన్ 16న కేంద్రం గెజెట్‌లో వేసిన ప్రకటన ప్రకారం లెక్కకు ఆధారమైన రోజు 2027 మార్చి 1. మొదట ఇండ్ల లెక్క తీస్తారు. అది 2026 ఏప్రిల్, సెప్టెంబర్ నెలల నడుమ. ఆ తరువాత 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. ఈసారి అందరి కులమూ అడుగుతారు. జనగణనలో అందరి కులాల లెక్క బయటికి వచ్చింది 1931లోనే చివరిసారి.

అందుకే మన గ్రూపుల్లో ఎక్కడ చూసినా కులం గడి గురించే చర్చ. నాయుడు అని రాయిద్దామా, ఉపకులం పేరు రాయిద్దామా, సర్టిఫికెట్‌లో ఉన్నది ఒకటి, ఇంట్లో చెప్పుకునేది ఇంకొకటి, ఏది సరి? ఈ చర్చ అవసరమే. సర్టిఫికెట్‌లో ఉన్న పేరే చెప్పండి అన్నది మా అభిప్రాయం. కానీ దానికి కొంచెం దూరంలోనే ఇంకొక గడి ఉంటుంది. 2011 ఫారంలో మొత్తం 29 ప్రశ్నలు. అందులో పదోది మాతృభాష. పదకొండోది తెలిసిన ఇతర భాషలు. ఈసారి వరుస నంబరు మారినా మారవచ్చు, మనకు గుర్తుకు పదో గడి అనే అనుకుందాం. దాని గురించి ఎవరూ నోరు తెరవడం లేదు. ఈ వ్యాసం దాని గురించే.

ఉదాహరణకు కృష్ణగిరి జిల్లాను తీసుకుంటాం. మన సభ్యుల్లో చాలామంది వేర్లు అక్కడే ఉన్నాయి. అంతకంటే ముఖ్యం, జనం లెక్కకూ పాలనకూ ఉన్న సంబంధం ఆ జిల్లాలో కనబడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు.

ఈ జిల్లా పుట్టుక చూడండి. 1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాన్ చేతి నుంచి బారామహల్ కంపెనీ చేతికి వచ్చింది. కెప్టెన్ రీడ్, ఆయన కింద మన్రో ఊరూరూ తిరిగి పొలాలు కొలిపించి శిస్తు కట్టారు. ఆ తరువాత ఈ ప్రాంతమంతా చాలా కాలం సేలం జిల్లా. 1965 అక్టోబర్ 2న సేలం నుంచి ధర్మపురి విడిపోయింది. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి కృష్ణగిరి విడిపోయింది. ఇప్పుడు ఇందులో కృష్ణగిరి, హోసూరు అని రెండు రెవెన్యూ డివిజన్లు, ఎనిమిది తాలూకాలు, పది పంచాయతీ యూనియన్లు, 333 గ్రామ పంచాయతీలు ఉన్నాయి. ఒకవైపు కర్ణాటక, ఒకవైపు మన కుప్పం. 2011లో జనాభా 18,79,809. అందులో నూటికి 75 మందికి పైనే పల్లెల్లో ఉన్నవాళ్ళు. ఆ పల్లె జనాన్ని 333తో భాగిస్తే ఒక్కో పంచాయతీకి సుమారు నాలుగు వేల పైచిలుకు వస్తారు.

ఈ అంకెలు ఎందుకు చెబుతున్నామంటే, తెలుగువాళ్ళ సంఖ్య ఏ గీత లోపల నిలబెట్టి లెక్కపెడుతున్నామన్నదాన్ని బట్టి దాని బలం మారుతుంది. 2011లో తమిళనాడు మొత్తంలో తెలుగు మాతృభాష అని రాయించినవాళ్ళు సుమారు 42 లక్షలు. వినడానికి పెద్ద సంఖ్య. ఏడు కోట్ల ఇరవై లక్షల జనంలో అది నూటికి ఆరు కూడా నిండదు. చెన్నై సెక్రటేరియట్‌లో కూర్చున్న అధికారికి ఆరు శాతం అంటే పక్కన పెట్టదగ్గ ఫైలు. పాత సేలం జిల్లాలో కూడా మనం ఆ మూలన ఉన్న కొన్ని తాలూకాల జనం. ధర్మపురి విడిపోయాక కొంచెం కనబడ్డాం. కృష్ణగిరి విడిపోయాక జిల్లాలో తమిళం తరువాతి మాట తెలుగే అయింది. మన జనం ఒక్కరూ ఊరు మారలేదు. గీతలు మారాయి. ఇక హోసూరు, దెంకణికోట, సూళగిరి, బర్గూరు తాలూకాల దాకా దిగితే, కొన్ని ఊళ్ళలో తెలుగే పెద్ద మాట. అంగడిలో, గుడిలో, పాల సొసైటీలో అంతా తెలుగే వినబడుతుంది.

పాలన కూడా పనిచేసేది ఆ చిన్న గీతల లోపలే. భాషా రాష్ట్రాలు ఏర్పడిన 1956లో, వేరే భాష రాష్ట్రంలో ఉండిపోయినవాళ్ళ కోసం కేంద్రం కొన్ని రక్షణలు చెప్పింది. 1961లో ముఖ్యమంత్రుల సమావేశం వాటిని ఒప్పుకుంది. జిల్లాలో గానీ, తాలూకా, మునిసిపాలిటీ వంటి చిన్న ప్రాంతంలో గానీ ఒక భాష వాళ్ళు నూటికి 15 మంది, అంతకు మించి ఉంటే, ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు, నిబంధనలు ఆ భాషలో కూడా ఇవ్వాలన్నది అందులో ఒకటి. ఇది శిక్ష వేసే చట్టం కాదు, ప్రభుత్వాలు ఒప్పుకున్న మాట. అయినా కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చేటప్పుడు చూపించడానికి మన చేతిలో ఉన్న గట్టి కాగితం అదే. ఆ కాగితం పనిచేయాలంటే 15 అన్న అంకె కావాలి. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? పదో గడి నుంచే వస్తుంది.

రైల్వేలో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఒక స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ బండి నిలపమని ఊరివాళ్ళు అర్జీ పెడితే, పైవాళ్ళు మొదట అడిగేది అక్కడ ఎన్ని టికెట్లు అమ్ముడుపోతున్నాయని. ఊరి జనం పక్క స్టేషన్‌కు పోయి టికెట్ కొంటుంటే, ఊళ్ళో ఎంతమంది ఉన్నా లెక్కలో వాళ్ళు లేనట్టే. కృష్ణగిరి సంగతే చూడండి. తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి ఒకప్పుడు చిన్న గేజ్ బండి నడిచేది. తరువాత అది మూతపడింది. నేటికీ ఆ జిల్లా కేంద్రానికి రైలు లేదు. ఒకసారి లెక్కలో నుంచి పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

మాతృభాష లెక్కతో సరిహద్దులే మారిన కాలం కూడా ఉంది. ఆంధ్రకు, అప్పటి మద్రాసు రాష్ట్రానికి నడుమ తగాదా వచ్చినప్పుడు పటాస్కర్ గ్రామాన్ని ఒక యూనిట్‌గా పెట్టుకొని, ఊరి భాష చూసి, ఊరూ ఊరూ ఆనుకొని ఉందా చూసి తీర్పు చెప్పారు. 1960 ఏప్రిల్ 1న ఆ మార్పు అమలయింది. ఇప్పుడు ఎవరూ సరిహద్దు కదపమని అడగడం లేదు, అడగకూడదు కూడా. తమిళనాడు మన రాష్ట్రం. చెప్పదలచింది ఇంతే: ఆ గడిలో పడే ఒక మాటకు ఎంత బరువు ఉంటుందో మన తాతల తరం కళ్ళారా చూసింది.

ఇక మన ఇండ్లలో నిజంగా ఏం జరుగుతుందో మాట్లాడుకుందాం. లెక్క తీసేవారు చాలావరకు బడి టీచర్లు. ఎండలో తిరిగి అలసిపోయి ఉంటారు. ఇంటి పెద్ద తలుపు తీసి తమిళంలో మాట్లాడతాడు. భాష గడి దగ్గరకు వచ్చేసరికి "తమిళ్ దానే?" అని అడుగుతారు. "ఆమా" అంటాడు. ఇంట్లో ఆరుగురు ఉంటే ఆరుగురికీ తమిళమే పడుతుంది. లోపల మంచం మీద కూర్చున్న అవ్వకు తెలుగు తప్ప వేరే మాట రాదు. ఆమె పేరు పక్కన కూడా తమిళమే. ఎవరూ మోసం చేయలేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, అంతే.

జనగణన నిబంధనలో మాతృభాష అంటే ఏమిటో స్పష్టంగా ఉంది. చిన్నతనంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోయి ఉంటే, చిన్నప్పుడు ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. పాపకు ఇంకా మాట రాకపోతే తల్లి భాష. బడిలో చదివిన భాష కాదు, రాష్ట్రం భాష కాదు, కులం పేరు తెచ్చే భాష కూడా కాదు. పైగా ఇంట్లో ఒక్కొక్కరిదీ విడిగా రాయాలి. అందరిదీ ఒకటే కావాలని లేదు.

ఇక్కడ కొందరు సభ్యుల మాట మేము ఒప్పుకోలేం. "సంఖ్య పెరగాలి కదా, పిల్లలకు తెలుగు రాకపోయినా అందరికీ తెలుగే రాయించేద్దాం" అంటున్నారు. వద్దు. అవ్వది తెలుగు, అమ్మది తెలుగు, కానీ ఆ అమ్మ బిడ్డతో తమిళంలోనే మాట్లాడి పెంచి ఉంటే, ఆ బిడ్డ మాతృభాష నిబంధన ప్రకారం తమిళం. అట్లాగే రాయించండి. మనుమరాలి గడిలో తమిళం పడితే సంఘం పరువు పోదు. అబద్ధపు అంకె చూపించి తెలుగు టీచర్‌ను తెచ్చుకుంటే, బెంచీల మీద కూర్చోవడానికి పిల్లలు ఉండరు. మరుసటి ఏడు ఆ పోస్టు కూడా పోతుంది. అవ్వ పక్కన తమిళమని పడటం ఎంత తప్పో, మనుమరాలి పక్కన తెలుగని పడటమూ అంతే తప్పు.

ఇంకొందరిది వేరే భయం. "తెలుగు అని రాయిస్తే మనల్ని బయటివాళ్ళు అంటారు. ఇప్పటికే ఎన్నికలప్పుడు కొందరు అట్లా మాట్లాడుతున్నారు. ఎందుకొచ్చిన గొడవ?" ఈ భయాన్ని మేము తేలికగా తీసుకోం. టీ అంగళ్ళలో, టీవీ చర్చల్లో ఆ మాటలు మేమూ విన్నాం. కానీ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, 1948 జనగణన చట్టం ప్రకారం ఒక్కొక్కరు చెప్పిన జవాబు రహస్యం. దాన్ని తీసి చూపించి మీ మీద కేసు వేయడానికి గానీ, సర్టిఫికెట్ ఆపడానికి గానీ వీల్లేదు. బయటికి వచ్చేది మొత్తం అంకె మాత్రమే. రెండు, మాతృభాష గడి పక్కనే తెలిసిన ఇతర భాషల గడి ఉంది. అక్కడ రెండు భాషల దాకా చెప్పవచ్చు. మొదటి చోట తెలుగు, రెండో చోట తమిళం రాయించండి. నాలుగు వందల ఏండ్లుగా ఈ నేల మీద బతికినవాళ్ళ నిజం ఆ రెండు గడుల్లో సరిగ్గా పడుతుంది.

తమిళం మీద మనకు ఏ కోపమూ లేదు. మేము చదివిందే తమిళ మీడియంలో. తెలుగు అక్షరాలు తరువాత స్వంతంగా కూడబలుక్కొని నేర్చుకున్నవే. మాకు ఉద్యోగం ఇచ్చింది తమిళ చదువే. రాజాజీ పుట్టిన తొరపళ్ళి హోసూరు పక్కనే ఉంది. ఈ జిల్లాలో తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే సంతలో బేరమాడుకుంటాయి. ఒకటి ఉండాలంటే ఇంకొకటి పోవాలన్న లెక్క ఇక్కడి జనానికి ఎప్పుడూ లేదు.

కానీ బడి సంగతి వేరు. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టం ఒకటో తరగతిలో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి ఎక్కి, పదేండ్లకు పదో తరగతి పరీక్ష దాకా చేరింది. తెలుగు మీడియం పిల్లలు కోర్టుకు వెళ్ళి తాత్కాలికంగా మినహాయింపులు తెచ్చుకోవలసి వచ్చింది. తమిళం నేర్పడం తప్పు కాదు. పిల్లవాడు ఈ రాష్ట్రంలో బతకాలి, నేర్చుకోవాలి. దానితోపాటు తల్లి మాట అక్షరాలు కూడా నేర్పమన్నదే మన కోరిక. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక చదువు మాతృభాషలో అందించడానికి ఏర్పాట్లు చేయమని రాష్ట్రాలకు చెబుతుంది. అది 1956లో చేర్చిన అధికరణం. దాని కంటే ముందే 1949లో విద్యామంత్రులు ఒక కొలత పెట్టారు. ఒక తరగతిలో పదిమంది, లేదా బడి మొత్తంలో నలభైమంది పిల్లలు ఉంటే ఆ భాష టీచర్‌ను వేయాలని.

గమనించండి, ఇక్కడ లెక్క జనగణన కాదు. బడి అడ్మిషన్ రిజిస్టరు. అందులో పదిమంది తల్లిదండ్రులు తెలుగు కావాలని రాయాలి. జనగణనలో లక్ష మంది తెలుగు అని రాయించి, జూన్‌లో బడి తెరిచిన రోజు ఒక్కరూ అడగకపోతే ఆ లక్షకు అర్థం లేదు. పదో గడి మనం ఉన్నామని చెబుతుంది. అడ్మిషన్ రిజిస్టరు మనకు ఏం కావాలో చెబుతుంది. రెండూ కలిస్తేనే అర్జీకి బలం.

ఇప్పుడు మన సంఘాల గురించి ఒక మాట. కొందరికి నచ్చకపోవచ్చు. మనం తెలుగువాళ్ళం అన్నప్పుడు మన కళ్ళ ముందు కనబడేది మన కల్యాణ మండపం, మన సభ్యత్వ పుస్తకం. కమ్మ సంఘానికి ఒక పుస్తకం, బలిజ సంఘానికి ఒకటి, రెడ్డి సంఘానికి ఒకటి, ఆర్యవైశ్యులకు ఒకటి. కానీ తమిళనాడులో తెలుగు ఇంటి మాటగా ఉన్న పెద్ద వర్గాల్లో అరుంధతీయులు ఉన్నారు. రాళ్ళు కొట్టే ఒడ్డెవాళ్ళు ఉన్నారు. తెల్లవారకముందే మన వీధులు ఊడ్చే అమ్మ తన బిడ్డను పిలిచేది తెలుగులోనే. ఆ ఇండ్లకు ఏ తెలుగు సంఘం పోయింది? ఉగాది పచ్చడి పంచేటప్పుడు ఎవరిని పిలుస్తున్నారు?

జనగణనకు సభ్యత్వ పుస్తకం తెలియదు. నూటికి 15 అన్న అంకెలో ఆ అమ్మ కూడా ఒకటి, మండపం కట్టించిన ధనికుడు కూడా ఒకటే. ఇంకా చెప్పాలంటే, లెక్క ఎంత పని చేస్తుందో మనకంటే ముందు తెలుసుకున్నది వాళ్ళే. ఎస్సీల 18 శాతంలో అరుంధతీయులకు 3 శాతం విడిగా కావాలని పోరాడి, జనం లెక్క, ఉద్యోగాల లెక్క ముందు పెట్టి, 2009లో చట్టం తెచ్చుకున్నారు. ఇటువంటి ఉపవర్గీకరణ రాష్ట్రాలు చేయవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది. వాళ్ళను కలుపుకోకుండా తెలుగు హక్కు అని మాట్లాడితే, అది కొన్ని కులాల హక్కుగానే మిగులుతుంది. అధికారులకూ ఆ సంగతి తెలుసు.

కాలం కూడా మన కోసం ఆగదు. హోసూరు 2019లో మహానగర పాలికగా మారింది. ఫ్యాక్టరీల కోసం తమిళ జిల్లాల నుంచి, ఉత్తరాది నుంచి జనం వస్తూనే ఉన్నారు. వాళ్ళ బతుకు వాళ్ళది, రానివ్వండి. కానీ మొత్తం పెరిగేకొద్దీ మన పాలు తగ్గుతుంది. మన సంఖ్య అట్లే ఉన్నా, నూటికి 15 అన్న గీత మన కాళ్ళ కింద నుంచి జరిగిపోవచ్చు. దేశం మొత్తంలో కూడా 2001లో మూడో స్థానంలో ఉన్న తెలుగు 2011లో మరాఠీ తరువాత నాలుగో స్థానానికి దిగింది. ఆ భాషల లెక్కే 2018లో గానీ బయటికి రాలేదు. ఈసారి ఒకసారి రాసిందే పదేండ్లకు పైగా ఆఫీసుల్లో చెల్లుతుంది. పోయినసారిది పదహారేండ్లు చెల్లింది.

అందువల్ల మేము సంఘాన్ని కోరేది నాలుగు పనులు.

మొదటిది, 2027 ఫిబ్రవరికి ముందు ప్రతి సభ్యుని ఇంట్లో కూర్చొని ఎవరి మాతృభాష ఏమిటో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. అవ్వను, తాతను అడగండి. ఈసారి ఫోన్‌లో మనమే నమోదు చేసుకునే వీలు కూడా ఉంది. చదువుకున్న పిల్లలు ఆ పని చేయగలరు. టీచర్ వస్తే కాగితం చూసి ఒక్కొక్కరిదీ చెప్పండి, ఏం రాశారో చదివి వినిపించమని మర్యాదగా అడగండి.

రెండోది, అరుంధతీయ, ఒడ్డె కాలనీలకు సంఘం తరపున పోవాలి. ఉపదేశం చేయడానికి కాదు. వాళ్ళ పెద్దలతో కలిసి కూర్చొని, ఈ గడి గురించి చెప్పి, వాళ్ళకు ఏం కావాలో వినడానికి.

మూడోది, పల్లెల్లో ఉన్న సభ్యులు గ్రామసభకు పోవాలి. ఇప్పుడు ఏడాదికి ఆరు గ్రామసభలు ఉన్నాయి. మన ఊళ్ళలో అక్కడ మాట్లాడేది తెలుగు, తీర్మానం రాసేది తమిళం. రాసింది అందరికీ తెలుగులో ఒకసారి చెప్పమని అడగండి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, ఖర్చూ లేదు.

నాలుగోది, జూన్‌లో బడి తెరిచేటప్పుడు తెలుగు కావాలని పదిమంది పేర్లతో రాతపూర్వకంగా ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితానికి ఏ ఆఫీసులోనూ విలువ లేదు.

ఈ నాలుగింటిలో డబ్బుతో అయ్యేది ఒక్కటీ లేదు. రాబోయే కార్యవర్గ సమావేశంలో పొంగల్ పోటీల ఖర్చు, మండపం రిపేరు చర్చకు వచ్చే ముందు, ఈ సంగతిని మొదటి అంశంగా పెట్టమని కార్యదర్శిగారిని కోరుతున్నాం. వేరే అభిప్రాయం ఉన్నవాళ్ళు ఆ రోజు వచ్చి చెప్పండి, వింటాం.